‘ఏటీ నేదు’ వెనుక ఏముంది?

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో దిగాలుగా కూర్చున్న మనిషిని ‘ఏటైనాది?’ అని అడిగితే తరచూ వచ్చే జవాబు ఒకటే. ‘ఏటీ నేదు.’ తీరని అప్పు, చెల్లెలి పెళ్లి, నిద్రపట్టని రాత్రులు అన్నీ ఆ రెండు మాటల వెనుకే దాగిపోతాయి. ఆడవాళ్లు కాస్త నయం, పొరుగింటి ఆపాతోనైనా చెప్పుకుంటారు. మగవాడికి ఆ దారీ లేదు. ఏడిస్తే నలుగురిలో చులకనైపోతానని భయం.

దీనికి తోడు మనలో మరో శంక ఉంది. దిగులుపడటం ఈమాన్‌లో లోపమేమోనని! పసివాడైన కుమారుడు ఇబ్రాహీం ప్రాణం పోతుంటే దైవప్రవక్త (స) కన్నీరు పెట్టారు. ఆశ్చర్యపోయిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)తో అది కారుణ్యమన్నారు. యాఖూబ్ (అలై) తన బాధను అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు కదా, మనుషులకెందుకు చెప్పాలని అడిగేవారూ ఉన్నారు. నిజమే. కానీ యూసుఫ్ (అలై) కోసం ఆయన కుమిలిపోవడం, కళ్లు తెల్లబడిపోవడం కొడుకులందరూ చూశారు. ఆయన దాచుకోలేదు.

ఇమామ్ గజాలీ సంగతి మనలో చాలామందికి తెలియదు. బాగ్దాద్‌లోని నిజామియా మదరసాలో మూడు వందల మంది విద్యార్థులకు పాఠం చెప్పే మహా పండితుడాయన. 1095లో ఒకరోజు పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు. అన్నం సయించలేదు, గుక్కెడు నీళ్లు దిగలేదు. ఇది మనసులో పుట్టిన జబ్బని, అక్కడ ఊరట కలిగితే తప్ప మందులు పనిచేయవని వైద్యులు తేల్చేశారు. ఆయన ఆ పదవిని, పేరును వదిలి ఊరు విడిచారు. మళ్లీ పాఠం చెప్పడానికి కూర్చున్నది పదకొండేళ్ల తర్వాత, నైషాపూర్‌లో. ఇదంతా ఎవరో ఆయన గురించి రాసింది కాదు, తన పుస్తకంలో ఆయనే రాసుకున్నారు. అంతటివాడు తన నోరు పడిపోయిందని ఒప్పుకుంటే మన గౌరవానికి వచ్చిన లోటేమిటో మాకు అర్థం కాదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. పడిన చెట్లకు లెక్క రాశారు. వాటిని బిడ్డల్లా పెంచిన మనిషి లోపల కూలినదానికి ఏ కాగితంలోనూ గడి లేదు.

వైద్యం మాటకొస్తే, విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాల పేరెత్తితేనే మనవాళ్లు ఉలికిపడతారు. పిల్లకు సంబంధం రాదేమోనని మొదట తాయెత్తు కట్టిస్తారు, తర్వాత దర్గాకు తీసుకెళ్తారు. విజయనగరం బాబామెట్టకు మతభేదం లేకుండా జనం వెళ్తారు. దుఆ చేసుకోండి, ఎవరు కాదంటారు? దుఆ పేరుతో వైద్యాన్ని ఆపడమే ప్రమాదం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను నమ్ముకుని వచ్చిన రోగులను గొలుసులతో కట్టి ఉంచిన పాకకు నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. పరుగెత్తడానికి కాళ్లకు వీలులేకపోయింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలని, శిక్షించకుండా వైద్యం అందించాలని చెప్పింది.

‘నేను లేకపోతేనే మీకు సుఖం’ అని ఇంట్లో ఎవరైనా అంటే దాన్ని కోపంలో వచ్చిన మాటగా కొట్టిపారేయకండి. ‘తౌబా, అలా అనకూడదు’ అని నోరు మూయించకండి. పక్కన కూర్చుని వినండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రం 2022 అక్టోబరులో మొదలైంది. దాని నంబరు 14416. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, పైసా ఖర్చులేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోను చేయడానికి వారికి సంకోచమైతే, నంబరు మీరే నొక్కి చేతికివ్వండి.