దడ తగ్గింది, జబ్బు తగ్గలేదు

మన ఇళ్లలో 'థైరాయిడ్ ఉంది' అంటే ఒళ్లు వచ్చిందనే అర్థం. అందుకు పూర్తిగా వ్యతిరేక రూపం కూడా ఒకటుంది. మెడలోని ఆ గ్రంథి అవసరానికి మించి హార్మోన్‌ను వదిలితే తిన్నది ఒంటికి పట్టదు. గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, పట్టని నిద్ర, అయినదానికీ కానిదానికీ చిరాకు. బంధువులేమో 'బాగా సన్నబడ్డావే' అని మెచ్చుకుంటారు. నలభై దాటిన స్త్రీ అయితే మెనోపాజ్ ఖాతాలో వేసేస్తారు. టీఎస్‌హెచ్ పడిపోయి, టీ4 పెరిగినట్టు రక్తపరీక్షలో తేలాక గానీ అసలు సంగతి బయటపడదు.

దీనికి ప్రధాన కారణం గ్రేవ్స్ వ్యాధి. ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథిని అదేపనిగా ఉసిగొల్పుతుంది. 1989లో అప్పటి అమెరికా ప్రథమ మహిళ బార్బరా బుష్‌కు ఇదే వచ్చింది. 1991లో జాగింగ్ చేస్తుండగా గుండె లయ తప్పిన అధ్యక్షుడు జార్జి బుష్ సీనియర్‌కూ అదే జబ్బని తేలింది. ఇద్దరూ చికిత్స పొందారు. 2018లో కన్నుమూసేనాటికి ఆమెకు 92 ఏళ్లు, ఆయనకు 94.

చిక్కల్లా మధ్యలో మందు మానేయడంతోనే. కార్బిమజోల్ మొదలెట్టిన కొద్ది వారాల్లోనే దడ తగ్గి, బరువు పెరుగుతుంది. నయమైపోయిందనుకుంటారు. నిజానికి ఏడాది నుంచి ఏడాదిన్నర వాడాలి. అలా వాడినా దాదాపు సగం మందిలో జబ్బు తిరగబెడుతుంది. పట్టించుకోకపోతే గుండె లయ తప్పి, రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఎముకలూ గుల్లబారతాయి.

తిరగబెట్టినవారికి ఆపరేషన్ లేదా రేడియోధార్మిక అయోడిన్. రెండోదాని పేరు వింటేనే జనం హడలిపోతారు. కానీ 1941లోనే బోస్టన్‌లో ఈ చికిత్స మొదలైంది. నోటితో తీసుకునే మందే, కోత లేదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మాత్రం ఇవ్వరు. కనుగుడ్లు ముందుకు పొడుచుకొచ్చినవారికి ఆచితూచి ఇస్తారు, కళ్ల సమస్య ముదిరే ప్రమాదముంది కాబట్టి. సిగరెట్ అలవాటుంటే ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

అయోడిన్ తర్వాత చాలామందిలో గ్రంథి చతికిలబడుతుంది. ఇక జీవితాంతం పరగడుపున థైరాక్సిన్ మాత్ర. 'ఒక జబ్బు పోయి మరొకటా?' అన్న నిష్ఠూరం సహజమే. కానీ లయ తప్పిన గుండెతో పోలిస్తే రోజుకో మాత్ర, అప్పుడప్పుడూ టీఎస్‌హెచ్ పరీక్ష ఏపాటి?

కార్బిమజోల్ వాడేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి. అరుదుగా తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. జ్వరంతో గొంతునొప్పి వస్తే మందు ఆపి, ఆ రోజే డాక్టర్‌ను కలిసి రక్తకణాల లెక్క చూపించుకోవాలి.