గాజు తొట్టిలో ఉప్పుటేటి ఒడ్డు

అక్వేరియం దుకాణాల్లో రంగురంగుల చేపల సరసన అప్పుడప్పుడు చిన్న పీతలు కూడా అమ్మకానికి కనిపిస్తాయి. వాటిలో పిల్లలను ఇట్టే ఆకట్టుకునేది ఫిడ్లర్ పీత. అంగుళం అటూ ఇటూ ఉండే శరీరం, కాడల చివర నిలబడినట్టుండే కళ్లు, మగదానికి ఒకవైపు మాత్రమే ఒంటికి మించిన పెద్ద డెక్క. ఆ డెక్కను అది పైకీ కిందికీ ఊపుతూంటే ఎవరినో పిలుస్తున్నట్టే ఉంటుంది. ఫిడేలు వాయించే మనిషిని తలపించడం వల్లనే దీనికి ఆ పేరు వచ్చింది.

వ్యాపారంలో ఈ పీతలను తరచుగా మంచినీటి తొట్టిలోనే ఉంచుతారు. కొన్నవారు ఇంటికి తెచ్చి మంచినీటి చేపల మధ్యనే వదులుతారు. అది కొన్ని వారాలు తిరుగుతుంది, ఆ తర్వాత మందగిస్తుంది, ఒక ఉదయం మూలన చచ్చి పడి ఉంటుంది. పీతలు ఎక్కువ కాలం బతకవని సరిపెట్టుకుంటారు. నిజానికి దానికి రెండు అవసరాలు తీరలేదు. ఒకటి ఉప్పు, రెండవది నేల. ఆ రెండూ సమకూర్చగలిగితే ఈ జీవిని కొన్నేళ్లు ఆరోగ్యంగా పోషించవచ్చు. సమకూర్చలేని పక్షంలో తేకపోవడమే మేలు. ఎందుకో తెలియాలంటే ముందుగా దాని జీవితాన్ని తెలుసుకోవాలి.

ఆటుపోట్ల మధ్య బతుకు

నది సముద్రంలో కలిసే చోట మంచినీరు, ఉప్పునీరు కలగలిసి మూడో రకం నీరు ఏర్పడుతుంది. మన కోస్తాలో ఉప్పుటేర్లు, మడ అడవులు, పులికాట్ వంటి సరస్సులు ఇటువంటి నీటి తావులే. పోటు వచ్చినప్పుడు బురదనేల మునుగుతుంది. ఆటు సమయంలో తేలుతుంది. ప్రపంచవ్యాప్తంగా వందకు పైగా ఉన్న ఫిడ్లర్ పీత జాతుల నివాసం ఈ బురదనేలే. కాకినాడకు సమీపంలోని కోరింగ మడ అడవుల్లో ఆటు వేళ నిలబడితే వీటిని గుంపులు గుంపులుగా చూడవచ్చు.

నీరు వెనక్కి తగ్గగానే పీతలు బొరియల్లోంచి బయటికి వస్తాయి. చిన్న డెక్కతో తడి మట్టిని నోటికి అందించుకుని, అందులోని నాచును, సూక్ష్మజీవులను, కుళ్లిన ఆకుల రేణువులను వేరు చేసి తింటాయి. మిగిలిన మట్టిని చిన్న ఉండలుగా చేసి పక్కన పెడతాయి. ఆడ పీత రెండు చిన్న డెక్కలతోనూ తింటుంది. మగదానికి తినడానికి పనికొచ్చేది ఒక్కటే. రెండవది ఆడ పీతను పిలవడానికి, సాటి మగవాటితో తలపడడానికి. పోటు తిరిగి వచ్చే వేళకు అనేక జాతుల పీతలు బొరియలోకి దిగి, మట్టి ఉండతో ద్వారం మూసుకుంటాయి.

వీటి మొప్పలు తడిగా ఉన్నంతసేపు గాలిలోనే శ్వాసించగలవు. కనుక వీటిని పూర్తిగా జలచరాలని గానీ, పూర్తిగా నేల జీవులని గానీ అనలేము. ఆ లయ వీటి శరీరంలోనే ఉంటుంది. అమెరికా శాస్త్రవేత్త ఫ్రాంక్ బ్రౌన్ గత శతాబ్దం మధ్యకాలంలో వీటిపై పరిశోధనలు చేశారు. సూర్యకాంతి సోకని చీకటి గదిలో ఉంచినా వీటి రంగు పగటివేళ ముదురుగా, రాత్రివేళ లేతగా మారుతూనే ఉందని ఆయన గమనించారు. చంద్రుణ్ణి చూసి నెలలు లెక్కించే మనకు ఈ సంగతి మరింత ఆసక్తి కలిగిస్తుంది. ఎందుకంటే సముద్రపు పోటు కూడా అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనే ఎక్కువగా ఉంటుంది.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన విషయం. ఆడ పీత గుడ్లను పొట్ట కింద మోసి, పోటు నీటిలో వదులుతుంది. కంటికి సరిగా ఆనని ఆ పిల్లలు సముద్రంలోకి కొట్టుకుపోయి, పలు దశలు దాటి, వారాల తర్వాత ఒడ్డుకు చేరుకుంటాయి. ఈ ప్రయాణాన్ని ఇంటి తొట్టిలో కల్పించడం దాదాపు అసాధ్యం. అందువల్ల దుకాణాల్లో అమ్మే ఫిడ్లర్ పీతలు ఏదో ఒక తీరం నుంచి పట్టి తెచ్చినవే అయి ఉంటాయి. అది చనిపోతే మరొకటి తెచ్చుకుందామనే ఆలోచనకు అర్థం, ఆ తీరం నుంచి మరొక జీవిని తీసుకురావడమే.

తొట్టి అమరిక

ఆరు పీతలకు, నాలుగు చిన్న చేపలకు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టి సరిపోతుంది. అందులో మూడింట ఒక వంతు నేల, మిగిలినది నీరు. తొట్టిని విభజిస్తూ 20 సెంటీమీటర్ల ఎత్తున్న గాజు పలకను అక్వేరియం సిలికాన్‌తో అతికించాలి. పలక అడుగున సన్నని సందు వదిలి, ఇసుక జారకుండా ప్లాస్టిక్ జాలీ పెట్టాలి. ఆ సందు గుండా నీరు ఇసుక అడుగుకు చేరి దానిని నిత్యం తడిగా ఉంచుతుంది.

పలక వెనుక భాగాన్ని బాగా కడిగిన సన్న ఇసుకతో పలక అంచు వరకు నింపాలి. దీనికి సుమారు 40 కిలోల ఇసుక పడుతుంది. లోతు ఇంత ఉంటేనే పీత బొరియ తవ్వుకోగలదు. పైపైన చల్లిన ఇసుక దానికి ఇల్లు కాదు. నీటి వైపు నుంచి ఇసుక అంచు దాకా నునుపైన రాళ్లను మెట్లలా పేర్చి, కదలకుండా అమర్చాలి. కొబ్బరి చిప్పలు, చిన్న పైపు ముక్కలు దాక్కోవడానికి పనికివస్తాయి. ఇసుక, నీరు, రాళ్లు కలిపి బరువు నూరు కిలోలకు పైబడుతుంది. కనుక గట్టి బల్ల గానీ, ఇనుప స్టాండు గానీ తప్పనిసరి.

మూత విషయంలో ఏమాత్రం అలసత్వం పనికిరాదు. ఈ పీతలు గాలి గొట్టాలను, మూలల్లోని సిలికాన్‌ను పట్టుకుని పైకి ఎక్కగలవు. తప్పించుకున్న పీత మొప్పలు ఆరిపోయి మంచం కిందో, బీరువా వెనుకో చనిపోతుంది. దగ్గరగా మూసిన మూత లోపలి గాలిలో తేమను కూడా నిలుపుతుంది.

ఇంత తక్కువ లోతు నీటికి ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ చాలు. నీటి ఉష్ణోగ్రత 24 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. కోస్తా జిల్లాల్లో హీటర్ అవసరం చాలావరకు ఉండదు. హైదరాబాద్ వంటి చోట్ల చలికాలపు రాత్రులకు మాత్రం అవసరమవుతుంది. పీతలు కాలకుండా దానికి రక్షణ తొడుగు ఉండాలి.

ఉప్పు లెక్క

వంటింటి ఉప్పు ఇక్కడ పనికిరాదు. అది దాదాపుగా సోడియం క్లోరైడ్ మాత్రమే. పీత పెంకుకు కావలసిన కాల్షియం, మెగ్నీషియం వంటి లవణాలు సముద్రపు అక్వేరియంల కోసం తయారుచేసే మెరైన్ సాల్ట్‌లో ఉంటాయి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. మన తొట్టికి లీటరుకు 12 గ్రాములు చాలు. పై కొలతల తొట్టిలో, 17 సెంటీమీటర్ల లోతున నింపినప్పుడు, ఇసుకలో ఇంకేదానితో కలిపి సుమారు 50 లీటర్ల నీరు పడుతుంది. అంటే 600 గ్రాముల ఉప్పు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది గనుక, దానిని తొలగించే ద్రావణం కలిపిన తర్వాతే వాడాలి. ఉప్పును బకెట్‌లో పూర్తిగా కరిగించి తొట్టిలో పోయాలి. ఉప్పదనం కొలవడానికి రొయ్యల రైతులు వాడే రిఫ్రాక్టోమీటర్ అనువైన సాధనం.

చాలామంది తడబడేది ఈ తర్వాత మెట్టులో. తొట్టిలోంచి ఆవిరయ్యేది నీరే. ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. అయిదు లీటర్లు ఆవిరైతే, ఆ లోటును మంచినీటితోనే పూడ్చాలి. ప్రతిసారీ ఉప్పు కలిపిన నీటినే పోస్తే ఒక్కో విడతకు 60 గ్రాముల ఉప్పు అదనంగా చేరుతుంది. నాలుగు విడతలకు మొత్తం 840 గ్రాములు, అంటే లీటరుకు దాదాపు 17 గ్రాములు. అలా కొన్ని నెలలు సాగితే ఉప్పదనం రెట్టింపు దాటుతుంది. ఇందుకు భిన్నంగా, వారానికి ఒకసారి పాత నీటిని 10 లీటర్లు తోడివేసినప్పుడు మాత్రం 120 గ్రాముల ఉప్పు కలిపిన కొత్త నీటిని పోయాలి. ఆవిరైన దానికి మంచినీరు, తోడిన దానికి ఉప్పునీరు: ఈ నియమాన్ని కాగితంపై రాసి తొట్టి పక్కన అంటించుకోవడం మంచిది.

తొందర పనికిరాని నెల

నీరు నింపిన రోజే జీవులను వదలకూడదు. వాటి వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఫిల్టర్‌లోనూ ఇసుకలోనూ పెరిగే మేలైన బాక్టీరియా దానిని మొదట నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ కాలంలో రోజూ చిటికెడు చేపల మేత వేస్తూ, పరీక్ష కిట్‌తో నీటిని చూస్తూ ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరిన తర్వాతే తొట్టి సిద్ధమైనట్టు. ఖాళీ తొట్టి ముందు నెల రోజులు వేచి ఉండడం పిల్లలకు కష్టమే. కానీ ఆ పరీక్ష ఫలితాలను ఒక పుస్తకంలో నమోదు చేసే బాధ్యత వారికే అప్పగిస్తే, నిరీక్షణే ఒక పాఠమవుతుంది.

ఎవరితో ఎవరు?

రెండు మగ, నాలుగు ఆడ పీతలు తగిన నిష్పత్తి. మగవి ఎక్కువైతే చోటు కోసం నిత్యం ఘర్షణ పడతాయి. చేపల్లో అన్నిటికంటే అనువైనది మోలీ. అది ఉప్పదనాన్ని చక్కగా తట్టుకుంటుంది. నీటి పై, మధ్య భాగాల్లో ఈదుతుంది గనుక పీతలకు చిక్కదు. దుకాణంలో మంచినీటిలో పెరిగిన మోలీలను ఒక్కసారిగా ఉప్పునీటిలో వేయకుండా, వేరే పాత్రలో ఉంచి కొద్ది రోజుల్లో క్రమంగా ఉప్పు పెంచుతూ అలవాటు చేయాలి. అవి త్వరత్వరగా పిల్లలు పెడతాయి గనుక, వాటిని ఎవరికి ఇవ్వాలో కూడా ముందే ఆలోచించుకోవాలి.

పఫర్ చేపలు పీతలను కొరికి తింటాయి. స్కాట్, మోనో జాతుల చేపలు చిన్నవిగా దొరికినా ఈ తొట్టికి మించి పెరుగుతాయి. కేరళ రాష్ట్ర చేపగా పేరొందిన కరిమీన్ కూడా అంతే. అడుగున విశ్రమించే నెమ్మది చేపలను పీతలే పట్టుకునే ప్రమాదం ఉంది.

మేత, కుబుసం, మందులు

నీటిలో మునిగే చేపల మేత, ఉడికించిన పాలకూర ముక్క, ఎండబెట్టిన చిన్న రొయ్యల పొడి: వీటిని కొద్ది కొద్దిగా మార్చి మార్చి ఇసుక మీద వేయాలి. తినగా మిగిలినదాన్ని మరునాడు తీసివేయాలి. కాల్షియం కోసం, పక్షుల దుకాణాల్లో సముద్రపు నురుగు పేరుతో దొరికే కటిల్ చేప ఎముక ముక్కను ఉంచవచ్చు. పండుగకు సొంత ఊరు వెళ్లేటప్పుడు రెండు మూడు రోజులు మేత లేకపోయినా ఆరోగ్యమైన పీతలకు ప్రమాదం లేదు. వెళ్లేముందు అతిగా వేసి నీటిని పాడుచేయడమే ప్రమాదం.

పీత పెరగాలంటే పాత పెంకును విడవాలి. ఆ సమయంలో అది తిండి మానేసి రోజుల తరబడి దాక్కుంటుంది. విడిచిన కుబుసం కాళ్లతో సహా అచ్చం చచ్చిన పీతలా ఉంటుంది. దాన్ని చూసి కంగారుపడి ఇసుక తవ్వితే, మెత్తగా ఉన్న అసలు పీత గాయపడుతుంది. ఆ కుబుసాన్ని తీసివేయనక్కర లేదు. అందులోని కాల్షియం కోసం పీతే దానిని తింటుంది. ఊడిన కాలు, డెక్క కూడా తరువాతి కుబుసాలతో క్రమంగా మొలుస్తాయి.

చేపల జబ్బులకు అమ్మే కొన్ని మందుల్లో రాగి ఉంటుంది. చేపకు మేలు చేసే ఆ మోతాదు పీతను చంపగలదు. జబ్బు చేసిన చేపను వేరే పాత్రలోకి మార్చి వైద్యం చేయాలి. దోమల మందులు, పురుగుల స్ప్రేలు రొయ్యలకు, పీతలకు అతి విషం. ఎయిర్ పంపు గదిలోని గాలినే నీటిలోకి పంపుతుందని మరచిపోకూడదు. ఆ గదిలో స్ప్రేలు వాడకపోవడం, లోబాన్, అగరుబత్తి పొగను దూరంగా ఉంచడం మంచిది. తొట్టిలో చేయి పెట్టే ముందు సబ్బు, అత్తరు అంటకుండా మంచినీటితో కడుక్కోవాలి. పని ముగిశాక సబ్బుతో కడుక్కోవాలి.

తెచ్చే ముందు ఒక్క మాట

కట్టివేసిన పిల్లికి తిండి పెట్టకుండా, తానుగా వెతుక్కోవడానికి వదలకుండా చంపిన స్త్రీ శిక్షకు గురైందని దైవప్రవక్త (స) హెచ్చరించిన సంగతి మనకు తెలుసు. మూత బిగించిన గాజు తొట్టిలోని జీవికి కూడా వెతుక్కునే దారి లేదు. దాని నీరు, నేల, తిండి అన్నీ మన చేతిలోనే ఉంటాయి. ఈ అమానతును రెండు మూడేళ్లపాటు మోయగలమని కుటుంబమంతా కూర్చుని నిర్ణయించుకున్న తర్వాతే పని మొదలుపెట్టాలి. ముందు తొట్టి, తర్వాత నెల రోజుల నిరీక్షణ, ఆ తర్వాతే పీత. ఈ క్రమం తిరగబడకూడదు.

అభయారణ్యాల నుంచి అనుమతి లేకుండా ఏ జీవినీ పట్టి తేరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. కోరింగ 1978 నుంచి అభయారణ్యంగా ఉంది. అలాగే, పెంచలేక విసిగిన పీతలను, చేపలను దగ్గరలోని కాలువలోనో చెరువులోనో వదలడమూ సరికాదు. అక్కడ అవి చావనైనా చస్తాయి, లేదా స్థానిక జీవులకు ముప్పు అవుతాయి. పోషించగల వేరొకరికి అప్పగించాలి.

తొట్టికి స్థోమత గానీ, తీరిక గానీ లేనివారు నిరాశపడనవసరం లేదు. సెలవుల్లో పిల్లలను ఆటు సమయం తెలుసుకుని మడ అడవుల ఒడ్డుకు తీసుకువెళ్లండి. చప్పుడు చేయకుండా పది నిమిషాలు నిలబడితే చాలు. అలికిడికి మాయమైన పీతలు ఒక్కొక్కటిగా బొరియల్లోంచి బయటికి వచ్చి, డెక్కలు ఊపుతూ తమ పనిలో పడతాయి. వాటిని ఇంటికి తెచ్చుకోకుండానే ఎన్నిసార్లయినా వెళ్లి చూసి రావచ్చు.