భాగం 9: తాకట్టు ఇళ్ల కొనుగోలు – తక్కువ ధర ఒప్పందాలు, ప్రత్యక్ష ఉత్తరాలు, మదుపరికి ఎదురయ్యే చిక్కులు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• బాకీ కంటే తక్కువ ధరకు తాకట్టు ఇల్లు అమ్మడమంటే ఏమిటో వివరించగలుగుతారు.
• అలాంటి అమ్మకానికి బ్యాంకు అనుమతి ఎందుకు తప్పనిసరో చెప్పగలుగుతారు.
• యజమానులకు నేరుగా ఉత్తరాలు రాసి ఆస్తులు వెతికే పద్ధతిలోని పరిమితులను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

అమెరికాలో 2007-08 గృహరుణ సంక్షోభం తరవాత 'షార్ట్ సేల్' అనే మాట బాగా వినిపించింది. ఇంటి ధర అప్పు కంటే కిందికి పడిపోయినప్పుడు, రావలసిన మొత్తం కంటే తక్కువ తీసుకుని తాకట్టు వదులుకోవడానికి రుణదాత ఒప్పుకుంటే, ఆ అమ్మకాన్ని అలా పిలుస్తారు. అక్కడి మదుపరులు వాయిదాలు తప్పిన ఇళ్ల యజమానులకు నేరుగా ఉత్తరాలు పంపి ఇలాంటి ఇళ్లను వెతుకుతారు.

మన దేశంలో ఈ పేరుతో ప్రత్యేక చట్టం లేదు. కాని దీనికి దగ్గరి వ్యవహారం రోజూ జరుగుతూనే ఉంది. బ్యాంకుల వాడుకలో దాన్ని 'వన్ టైమ్ సెటిల్‌మెంట్', క్లుప్తంగా ఓటీఎస్ అంటారు. బాకీలో కొంత తగ్గించుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పొన్నూరును ఆనుకుని ఉన్న నిడుబ్రోలు ఎన్.జి. రంగా పుట్టిన ఊరు. ఆయన నాయకులలో ఒకరుగా ఉన్న రైతు ఉద్యమ కాలంలోనే 1938 మద్రాసు రైతు రుణ విమోచన చట్టం వచ్చింది. రైతుల పాత బాకీల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని అది రద్దు చేసింది. నాటి తగ్గింపు చట్టం ఇచ్చినది. నేటి తగ్గింపు బ్యాంకు ఇష్టం మీద ఆధారపడినది. ఓటీఎస్ కోరడం రుణగ్రహీత హక్కు కాదని, దాన్ని ఇవ్వమని బ్యాంకును హైకోర్టు ఆదేశించజాలదని సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో తీర్పు చెప్పింది. మదుపరి ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే.

9.2 ఒక ఉదాహరణ

పొన్నూరులో ఒక మిర్చి వ్యాపారి ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడనుకుందాం. ధరలు పడిపోయి వాయిదాలు ఆగాయి. అసలు, వడ్డీ కలిపి బాకీ 50 లక్షల రూపాయలు. ఇల్లు 40 లక్షలకు మించి పలకదు. మీరు 38 లక్షలు ఇస్తామన్నారు. వ్యాపారి సరేనన్నాడు. బేరం కుదిరినట్లేనా? కాదు. ఇందులో మూడో పక్షం బ్యాంకు. 12 లక్షలు వదులుకోవలసింది అదే. (ఈ అంకెలు లెక్క కోసం ఊహించినవి.)

9.3 చట్టం వేసే మెట్లు

వాయిదా 90 రోజులకు మించి బకాయి పడితే ఖాతా నిరర్థక ఆస్తి అవుతుంది. ఆ తరవాత బ్యాంకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద ఇలా ముందుకు వెళుతుంది:

1. సెక్షన్ 13(2) నోటీసు: 60 రోజులలో బాకీ తీర్చమని అడుగుతుంది.
2. సెక్షన్ 13(4): తీర్చకపోతే ఆస్తిని స్వాధీనం చేసుకుంటుంది. ఆ ప్రకటన రెండు ప్రముఖ దినపత్రికలలో రావాలి. వాటిలో ఒకటి స్థానిక భాషది.
3. సెక్షన్ 17: అభ్యంతరం ఉన్నవారు 45 రోజులలో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.
4. వేలం: రిజర్వు ధర నిర్ణయించి అమ్ముతారు.

ఇక్కడ సెక్షన్ 13(13) చాలా ముఖ్యం. 13(2) నోటీసు అందిన తరవాత బ్యాంకు ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేకుండా రుణగ్రహీత ఆ ఆస్తిని అమ్మకూడదు. కాబట్టి వ్యాపారి చేతికి మీరు ఇచ్చే బయానా మీకు రక్షణ కాదు. బ్యాంకు నుంచి ఓటీఎస్ మంజూరు పత్రం వచ్చేదాకా డబ్బు కదలకూడదు. వచ్చాక కూడా సొమ్మును నేరుగా రుణఖాతాకే జమచేసి, బాకీ లేదన్న పత్రం, అసలు దస్తావేజులు ఒకేసారి తీసుకునేలా త్రైపాక్షిక ఒప్పందం రాసుకోవాలి.

వేలంలోనూ తక్కువ ధరకు ఒక దారి ఉంది. రిజర్వు ధర రాకపోతే, రుణగ్రహీత, బ్యాంకు ఇద్దరూ సమ్మతించినప్పుడు అంతకంటే తక్కువకు అమ్మవచ్చని 2002 నిబంధనలలోని 9వ నిబంధన చెబుతుంది. షార్ట్ సేల్‌కు మన చట్టంలో అతి దగ్గరి పోలిక ఇదే.

9.4 మదుపరికి ఎదురయ్యే చిక్కులు

(అ) కాలం: ఓటీఎస్ ప్రతిపాదన బ్రాంచి నుంచి పై కార్యాలయానికి వెళ్లాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రాజీ పరిష్కారాలకు బ్యాంకు బోర్డు ఆమోదించిన విధానం ఉండాలి. బ్రాంచి మేనేజరు నోటిమాటగా 'అయిపోతుంది' అంటే అది మంజూరు కాదు.

(ఆ) డబ్బు: వేలంలో గెలిస్తే 25 శాతం అదే రోజు లేదా మరుసటి పనిదినానికి కట్టాలి. మిగిలినది అమ్మకం ఖరారైన 15 రోజులలో కట్టాలి. గడువు పెంచితే లిఖితపూర్వకంగానే, మూడు నెలలకు మించకుండా పెంచుతారు. కట్టలేకపోతే ముందు కట్టినది పోతుంది.

(ఇ) హక్కు: దస్తావేజులు అప్పగించి పెట్టిన తాకట్టు ఒక్కోసారి ఈసీలో కనిపించదు. అందువల్ల సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీతో పాటు, 2011లో ఏర్పడిన కేంద్ర తాకట్టు రిజిస్ట్రీ సెర్సాయ్‌లో కూడా వెతకాలి. ఇల్లు పిత్రార్జితమైతే ఆడపిల్లల వాటా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అవివాహిత కుమార్తెలకు, 2005 కేంద్ర సవరణతో కుమార్తెలందరికీ సమాన హక్కు వచ్చింది.

(ఈ) పొలం: సెక్షన్ 31(ఐ) ప్రకారం వ్యవసాయ భూమికి సర్ఫేసీ వర్తించదు. వరి, మినుము పండే పొన్నూరు పరిసరాలలో ఇది చిన్న మాట కాదు. కాగితంలో ఏమి రాసి ఉన్నా, భూమి నిజంగా సాగులో ఉందా అన్నది వాస్తవాలను బట్టి తేల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఊరి అంచున ప్లాటు అని చూపిన చోట మినుము చేను ఉంటే ఆగి ఆలోచించండి.

(ఉ) పన్ను: ప్రభుత్వ విలువ కంటే బాగా తక్కువకు కొంటే ఆ తేడాను కొనుగోలుదారు ఆదాయంగా లెక్కిస్తారు. తేడా 50 వేల రూపాయలు, కొన్న ధరలో 10 శాతం – ఈ రెంటిలో పెద్దదాన్ని దాటితే మొత్తం తేడాకు పన్ను పడుతుంది. 38 లక్షలకు కొన్న ఇంటి ప్రభుత్వ విలువ 41 లక్షలైతే ఇబ్బంది లేదు. 44 లక్షలైతే 6 లక్షలు మీ ఆదాయమే.

9.5 ప్రత్యక్ష ఉత్తరాలు

పత్రికలో స్వాధీన ప్రకటన చూసి యజమానికి ఉత్తరం రాయడం తేలికైన పనిగా కనిపిస్తుంది. మీరు 200 ఉత్తరాలు పంపారనుకోండి. ఒక్కొక్కదానికి 30 రూపాయల చొప్పున ఖర్చు 6,000. వాటిలో కొన్ని తిరిగివస్తాయి. దస్తావేజులో పొన్నూరు చిరునామా ఉన్నా యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండవచ్చు. ఐదుగురు పలికితే, వారిలో ఒక్కరి ఇల్లు బేరానికి నిలిస్తే మేలే. ఆ ఒక్కటీ బ్యాంకు దగ్గర ఆగిపోవచ్చు. ఉత్తరానికయ్యే ఖర్చు స్వల్పమే. అసలు ఖర్చు మీ కాలం.

అంతకంటే పెద్ద విషయం పరువు. అందరూ అందరికీ తెలిసిన ఊళ్లో అప్పు సంగతి కార్డు మీద రాసి పంపితే అది టపా మనిషి నుంచి పక్కింటి దాకా చేరుతుంది. కాబట్టి మూసిన కవరే వాడండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు సేవ స్పీడ్ పోస్టులో కలిసింది. చేరినట్లు రుజువు కావాలంటే ఇప్పుడు దాన్నే వాడాలి.

ఉత్తరంలో నాలుగు విషయాలు స్పష్టంగా ఉండాలి: మీరు ఎవరు, మీకు బ్యాంకుతో సంబంధం లేదు, ప్రకటన ఎక్కడ చూశారు, సంతకం చేసే ముందు బ్యాంకును, న్యాయవాదిని సంప్రదించమన్న సలహా. బ్యాంకు నోటీసులా కనిపించే కవరు, 'మూడు రోజులే గడువు' వంటి బెదిరింపు మోసం కిందికి వస్తాయి.

యజమానికి తెలియవలసిన నిజాన్ని దాచడమూ తప్పే. వేలంలో బాకీ తీరగా మిగిలిన సొమ్ము అతనిదే. బాకీ తీరకపోతే మిగిలినదానికి బ్యాంకు అతని మీదికే వస్తుంది. 2016 సవరణ తరవాత, వేలం ప్రకటన వెలువడే లోపే బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ఉంటుంది. ఇది తెలిసిన మనిషితో చేసిన ఒప్పందం కోర్టులో నిలుస్తుంది, ఊళ్లోనూ నిలుస్తుంది.

9.6 సారాంశం

తాకట్టు ఇంటిని తక్కువ ధరకు కొనడం యజమానితో కుదిరే బేరం మాత్రమే కాదు. అందులో బ్యాంకు అనుమతి, హక్కుల పరిశీలన, పన్ను లెక్క, చేతిలో డబ్బు – నాలుగూ కలిసిరావాలి. ఉత్తరం తలుపు తట్టడానికి పనికివస్తుంది. తలుపు తెరిచేది నమ్మకం. మీరు కొనేది ఒక కుటుంబం ఇల్లు అని మరవకండి.

9.7 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. రిజర్వు ధర 40 లక్షలు, ధరావతు 4 లక్షలు, మీ పాట 42 లక్షలు. ధరావతు కలిపి 25 శాతం నిండాలంటే మరుసటి పనిదినానికి ఇంకా ఎంత కట్టాలి?
జవాబు: 10.5 లక్షలలో 4 లక్షలు పోగా 6.5 లక్షలు.

2. 13(2) నోటీసు అందిన యజమాని బ్యాంకుకు చెప్పకుండా మీ దగ్గర బయానా తీసుకోవచ్చా? కారణం రాయండి.

3. మీ మండలంలో ఇటీవల పత్రికలో వచ్చిన ఒక స్వాధీన ప్రకటన చదివి, అందులోని ఆస్తిని కొనే ముందు పరిశీలించవలసిన విషయాలను 15 పంక్తులలో రాయండి.