పెరటి మట్టిపై బూడిద రంగు పొర కడుతోందా? ఉప్పు, బ్లీచింగ్ చల్లే ముందు ఇది తెలుసుకోండి!

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వానలు మొదలయ్యాయంటే చాలు.. బావి గట్టు, మొక్కల పాదులు, పూల కుండీలు అన్నీ పాచి పట్టేస్తాయి. అక్టోబర్, నవంబర్ వాయుగుండాల దాకా ఈ తడి పూర్తిగా ఆరదు. కొన్నిచోట్ల మట్టిపై బూడిద, లేత ఆకుపచ్చ రంగులో పొలుసుల్లాంటి పొర కూడా కనిపిస్తుంది. అదే లైకెన్. మొక్కలకు తెగులు వచ్చిందేమోనని కంగారుపడి కొందరు ఉప్పో, బ్లీచింగ్ పౌడరో చల్లేస్తారు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

ఏంటీ లైకెన్?

శిలీంధ్రం, నాచు కలిసి ఒకే జీవిలా బతికితే అదే లైకెన్. మసాలాల్లో వేసే రాతి పువ్వు కూడా లైకెనే. దీనికి వేర్లు ఉండవు. మొక్కల ఆహారాన్ని లాక్కోదు. మామిడి, పనస మానులపై బూడిద రంగు మచ్చల్లా పెరిగినా చెట్టుకు ముప్పు లేదు. మెత్తగా, పచ్చటి తివాచీలా ఉంటే అది పాచి. వాన పడగానే నల్లటి జిగురులా ఉబ్బితే నీలి ఆకుపచ్చ నాచు. ఏది కనిపించినా చెప్పేది ఒక్కటే.. ఆ మట్టి గట్టిపడింది, చాలాకాలంగా ఎవరూ కదపలేదు, నీరు సరిగా ఇంకడం లేదు.

ఎలా వదిలించుకోవాలి?

* పైపొరను చిన్న పారతో గీకి తీసేయాలి. వేర్లు తెగకుండా రెండు, మూడు అంగుళాల లోతు గుల్ల చేయాలి.
* బాగా మాగిన పశువుల గెత్తం కలపాలి. మట్టి గుల్లబారి నీరు ఇంకుతుంది.
* నీరు నిలిచే చోట చిన్న కాలువ తీయాలి. గుబురు కొమ్మలు కత్తిరిస్తే ఎండ తగులుతుంది.
* ఖాళీ నేలపై ఎండుటాకులు, వరిగడ్డి పరచాలి. మట్టి బయటకు కనిపించకపోతే లైకెన్‌కు చోటుండదు.
* నీళ్లు ఉదయం పూట, అదీ మట్టి పైన ఆరాకే పోయాలి.

ఇవి మాత్రం చేయొద్దు

ఉప్పు, బ్లీచింగ్ మొక్కల వేర్లను మాడ్చేస్తాయి. మైలుతుత్తం పదేపదే పోస్తే రాగి మట్టిలోనే పేరుకుపోయి వానపాములకు చేటు చేస్తుంది. పైగా మట్టి గట్టిగానే ఉంటే వచ్చే వానలకు పొర మళ్లీ కడుతుంది. నేల పులిసిందన్న అనుమానంతో సున్నం చల్లడమూ సరికాదు. ముందు ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, దగ్గర్లోని వ్యవసాయ సిబ్బందిని గానీ అడిగి మట్టి పరీక్ష చేయించుకోవడం మేలు.

బావి గట్టు, నడిచే దారి మాత్రం ఆలస్యం చేయకుండా గట్టి చీపురుతో రుద్ది కడగాలి. అక్కడ పాచి మొక్కకు కాదు, జారిపడే పెద్దవాళ్లకే ప్రమాదం.