పదిహేనా, యాభయ్యా?

మస్కట్‌లో ఓ పెద్దాసుపత్రి, రాత్రి రెండు గంటలు అనుకోండి. మంచం మీద అరబ్బీ తప్ప మరో భాష రాని ఒమానీ పెద్దాయన. పక్కన నర్సుది కేరళో, మనీలానో, మన కడపో. ఫోనులో నిద్రమత్తు గొంతుతో పలికే డాక్టరుది ఈజిప్టో, సూడానో, హైదరాబాదో. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషులో. అది ఇద్దరికీ అమ్మభాష కాదు.

1970లో సుల్తాన్ కాబూస్ గద్దెనెక్కేనాటికి ఒమన్‌లో ఆసుపత్రుల్ని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 1987లో రాయల్ హాస్పిటల్, 1990లో సుల్తాన్ కాబూస్ యూనివర్సిటీ ఆసుపత్రి వచ్చాయి. వాటిని నడపడానికి మనుషులు రకరకాల దేశాల నుంచి రావలసివచ్చింది. ఒమానీ నర్సులు బాగా పెరిగినా, ఆ కలగలుపు ఇంకా పోలేదు.

భాష సగం చిక్కే. మిగతా సగం ‘సార్’ అన్న మాటలో ఉంది. పెద్ద డాక్టరుకు ఎదురు చెప్పకూడదని మన దగ్గర నర్సింగ్ స్కూల్లో అడుగుపెట్టకముందే నేర్చుకుంటాం. ఇది మన ఒక్కరి జబ్బే కాదు. 1966లో అమెరికాలో మానసిక వైద్యుడు హాఫ్లింగ్ బృందం ఓ పరీక్ష పెట్టింది. ముక్కూ మొహం తెలియని ‘డాక్టరు’ ఫోన్ చేసి, సీసా మీద రాసిన గరిష్ఠ మోతాదుకు రెట్టింపు మందు ఇమ్మన్నాడు. 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వడానికి బయల్దేరారు! అది ఉత్తుత్తి మందు కాబట్టి, దారిలోనే ఆపారు కాబట్టి సరిపోయింది.

ఈ జబ్బుకి మందు జలాంతర్గాముల్లో దొరికింది. అమెరికా అణు జలాంతర్గాముల్లో పై అధికారికి కబురు చెప్పే పద్ధతిని కొలరాడోలోని కైజర్ పర్మనెంటే సంస్థలో డాక్టర్ మైకేల్ లెనార్డ్, ఆయన సహచరులు ఆసుపత్రికి తెచ్చారు. పేరు ఎస్‌బార్. ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథేంటి, నా అంచనా ఏంటి, మీరేం చెయ్యాలి: ఈ వరసలో చెప్పాలి.

“సార్, పేషెంటు కొంచెం డల్‌గా ఉన్నారు” అంటే డాక్టరు “పొద్దున చూద్దాం” అంటాడు. అదే నర్సు పేషెంటు పేరు చెప్పి, “బీపీ 80కి పడిపోయింది. నిన్న పొట్ట ఆపరేషనైంది. లోపల రక్తం పోతోందని నా అనుమానం. మీరు వెంటనే రావాలి” అంటే? దుప్పటి తీసి లేవక తప్పదు. కష్టమల్లా ఆ చివరి రెండు వాక్యాలతోనే. ‘నా అనుమానం’ అనడానికి చదువు సరిపోదు, చొరవ కావాలి. ఆ చొరవ చూపిన నర్సు మీద డాక్టరు ఒక్కసారి కసురుకున్నాడా, ఇక ఆమె రెండోసారి ఫోన్ చెయ్యదు.

ఒమన్ ప్రభుత్వాసుపత్రుల్లో అల్ షిఫా అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. వైద్య రికార్డు అందులో ఉంటుంది. కానీ ఎక్కించిందే అందులో కనబడుతుంది. అర్ధరాత్రి ఫోనులో జారిపోయిన మాట దానికి తెలియదు. అందుకే నర్సు విన్నది రాసుకుని, తిరిగి డాక్టరుకే చదివి వినిపించాలన్నది ఇప్పుడు ప్రపంచంలో చాలా ఆసుపత్రుల్లో ఉన్న నియమం. ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ యాసల్లో కలిసిపోతాయి కనుక అంకెలు విడివిడిగా పలకాలి: పదిహేనైతే వన్ ఫైవ్, యాభయ్యైతే ఫైవ్ జీరో.