పెరటి కోళ్లలో పోరు తగ్గించుట ఎట్లు?

అరకులోయ గిరిజన గూడెములలో పెరటి కోడి కూరకు మాత్రమే గాక, సంతనాడు ఉప్పు, పప్పు కొనుటకు చేతిసొమ్ముగను ఉపకరించుచున్నది. అట్టి పెట్ట సాటి కోళ్ల పోట్లకు గాయపడి గ్రుడ్లు మానినచో నష్టము ఆ కుటుంబమునకే.

కోళ్లు నిష్కారణముగా పోరాడవని మనము గ్రహింపవలెను. ఏ కోడి ముందు తినవలెనో, ఏది ప్రక్కకు తొలగవలెనో మందలో ఒక వరుస ఏర్పడును. నార్వే శాస్త్రజ్ఞుడు షెల్డెరప్-ఎబ్బె 1921లో దీనిని వివరించెను. వరుస కుదిరిన మంద నెమ్మదిగా నుండును. క్రొత్త కోడి వచ్చినంతనే వరుస చెదరి పోరు మొదలగును. పౌరుషమునకు పేరొందిన అసీలు జాతిలో ఈ పోరు మరింత తీవ్రము.

కావున సంతలో కొన్న కోళ్లను వెంటనే మందలో విడువరాదు. రెండు వారములు దూరముగా నుంచి, రోగము లేదని తేలిన పిమ్మట, కొన్ని దినములు వెదురు దడికి ఆవల పాత కోళ్లకు కనబడునట్లు ఉంచవలెను. హైదరాబాదు కోళ్ల పరిశోధన సంస్థవారి వనరాజా పిల్లలైనచో ఆరు వారములు వేరుగా పెంచి, ఒక్కొక్కటిగా గాక గుంపుగా విడుచుట మేలు. మేతను, నీటిని రెండు మూడు చోట్ల పెట్టినచో బలహీనమైన కోడికి కూడ కడుపు నిండును. పది పెట్టలకు ఒక పుంజు చాలును.

నెత్తురు కనబడిన చోటనే మిగిలిన కోళ్లు మరల పొడుచును గనుక, గాయపడినదానిని తక్షణమే వేరుచేసి, గాయము మానువరకు కాపాడవలెను. ఒకే కోడి అన్నిటిని పొడుచుచున్నచో దానినే నాలుగు దినములు వేరొక గూటిలో ఉంచుడు. అది తిరిగి వచ్చునప్పటికి మందలో వరుస మారి, దాని జోరు తరచుగా తగ్గును.