కొండ మీది బడి నుంచి కళా ప్రదర్శనకు: బృంద సందర్శన ప్రణాళిక

ఒక పాఠశాల బృందాన్ని సమకాలీన కళా ప్రదర్శనకు తీసుకువెళ్ళడానికి ప్రణాళిక ఎలా వేసుకోవాలో ఈ పాఠ్యభాగంలో తెలుసుకుందాం. ఉదాహరణగా అల్లూరి సీతారామరాజు జిల్లా జి.మాడుగులలోని ఒక ఆశ్రమ పాఠశాలను ఊహించుకోండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 40 మంది. ప్రదర్శన విశాఖపట్నంలో. మీలో కొందరు ఇప్పటికే ఇటువంటి బడులలో పనిచేస్తూ ఉంటారు. బడి ఊహే అయినా దారి, ఘాట్ రోడ్డు, పొగమంచు మాత్రం నిజమైనవి.

ఇంత దూరం, ఇంత ఖర్చు ఎందుకని ప్రధానోపాధ్యాయులు తప్పక అడుగుతారు. సమాధానం మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో బెంటన్‌విల్ అనే చిన్న పట్టణంలో 2011లో క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే కళా మ్యూజియం తెరిచారు. ఉచిత సందర్శనకు బడుల దరఖాస్తులు ఎక్కువై లాటరీ వేయవలసి వచ్చింది. పరిశోధకులు దానినే అవకాశంగా తీసుకుని, చూసివచ్చిన పిల్లలను ఇంకా వంతు రాని పిల్లలతో పోల్చారు. 123 బడులకు చెందిన సుమారు 11,000 మంది ఇందులో ఉన్నారు. అంతకు ముందెన్నడూ చూడని ఒక చిత్రాన్ని ఇచ్చి రాయమన్నప్పుడు, చూసివచ్చినవారు మరింత నిశితంగా గమనించి రాశారు. పల్లె బడుల పిల్లలలో, పేద పిల్లలలో ఈ తేడా ఇంకా ఎక్కువగా కనిపించింది. అంటే ఇటువంటి సందర్శన వల్ల ఎక్కువ మేలు పొందేది దానికి ఎక్కువ దూరంలో ఉన్న పిల్లలే.

అయితే ఆ పిల్లలు చూసినదెంత? గంటసేపట్లో ఐదు చిత్రాలు, అంతే. గైడు చెప్పింది తక్కువ, పిల్లలు మాట్లాడింది ఎక్కువ. దీనికి పక్కనే మరొక లెక్క పెట్టి చూడండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక్కో చిత్రం ముందు సందర్శకులు ఎంతసేపు నిలబడుతున్నారో ఇద్దరు పరిశోధకులు కొలిచి 2001లో ప్రచురించారు. సగటున 27 సెకన్లు! మన బడి యాత్రలలో వరుసగా నడిపించి, అన్నీ చూపించామనిపించుకోవడం అలవాటు. అలా చూపిస్తే పిల్లలకు గుర్తుండేది ముందు నడిచిన వాడి వీపు. ప్రణాళికలో మీ మొదటి నిర్ణయం ఏమిటంటే, ప్రదర్శనలో ఎన్ని కళాకృతులు ఉన్నా మనం ఆగేది నాలుగైదింటి దగ్గరే.

ఆ నాలుగైదు ఏవో తెలియాలంటే మీరు ఒకసారి ముందుగా వెళ్ళి చూసిరావాలి. ఫోనులో అడిగితే తెలిసేది కాదు. మరుగుదొడ్లు, తాగునీరు, సంచులు పెట్టే చోటు, వీడియో నడిచే చీకటి గదులు, పిల్లల వయసుకు తగని చిత్రాలు, అన్నీ అప్పుడే చూసుకోండి. చాలా గ్యాలరీలకు సోమవారం సెలవు, అదీ కనుక్కోండి. నిర్వాహకులకు రెండు విషయాలు స్పష్టంగా చెప్పిరండి. మొదటిది, గైడు ఉపన్యాసం వద్దు. రెండవది, పిల్లలను థింసా ఆడమనడం, ‘గిరిజన బాలలు’ అని వరుసగా నిలబెట్టి ఫొటోలు తీయడం కుదరదు. మన పిల్లలు ప్రదర్శన చూడడానికి వస్తున్నారు, ప్రదర్శనలో భాగం కావడానికి కాదు. ఈ మాట నిర్మొహమాటంగా చెప్పడానికి వెనుకాడకండి.

సమకాలీన కళ అనగానే అది నగరం వారిదనీ, మ్యూజియంలో అద్దాల వెనుక ఉండే పాతది ఆదివాసులదనీ ఒక విభజన మన మనసుల్లో పాతుకుపోయింది. పిల్లలూ దానినే నేర్చుకుంటారు. అరకులోయ గిరిజన మ్యూజియంలో తమవంటి మనుషులను బొమ్మలుగా చూసిన పిల్లవాడు, విశాఖ గ్యాలరీలోకి అడుగుపెట్టి ‘ఇది మాది కాదు’ అనుకుంటే తప్పు వాడిది కాదు. అందుకే బయలుదేరే ముందు తరగతిలో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ గురించి చెప్పండి. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ గ్రామానికి చెందిన గోండు యువకుడు. 1982లో ప్రారంభమైన భోపాల్ భారత్ భవన్‌లో చిత్రకారుడు జె.స్వామినాథన్ ఆదివాసి కళాకారుల పనిని నగర కళాకారుల పనితో సమానంగా నిలిపారు. జన్‌గఢ్‌ను అక్కడికి తెచ్చినదీ ఆయనే. 1989లో పారిస్‌లో జరిగిన ఒక పెద్ద అంతర్జాతీయ సమకాలీన ప్రదర్శనలో జన్‌గఢ్ చిత్రాలు ఉన్నాయి. 2001లో ఆయన మరణించారు. ఆయన గీసినది తన ఊరి దేవతలను, జంతువులను. వాటిని తన సొంత గీతతో, తన కాలంలో గీశారు కనుక అది సమకాలీనం.

వస్తువుల విషయంలోనూ ఇటువంటి తయారీ అవసరం. నూనె రంగుల చిత్రాన్ని ఊహించుకుని వెళ్ళిన పిల్లలు నేల మీద గిన్నెల గుట్ట చూస్తే నవ్వుతారు. సుబోధ్ గుప్తా అనే కళాకారుడు ఇంటింటా ఉండే స్టీలు పాత్రలతో పెద్ద పెద్ద శిల్పాలు చేశారు. ఘానాలో పుట్టి నైజీరియాలో పనిచేసిన ఎల్ అనాట్సుయీ సారా సీసాల మూతలను రాగి తీగతో కుట్టి, గోడంత వస్త్రాలుగా వేలాడదీశారు. ఆశ్రమ పాఠశాల పిల్లలకు స్టీలు కంచం కొత్త కాదు. వందల కంచాలు ఒకచోట చేరిస్తే ఏమనిపిస్తుందో వారినే అడగండి. అడ్డాకులు, కొండచీపుర్లు, సంత నుంచి తెచ్చిన ఖాళీ గోనెలు ఇచ్చి, ఎనిమిదేసి మంది బృందాలుగా ఏదో ఒకటి నిలబెట్టమనండి. దానికి ఒక పేరు పెట్టాలి, ఎందుకు అలా చేశారో చెప్పాలి. ఒక్క మధ్యాహ్నం చాలు.

ఇక ప్రయాణం. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున పొగమంచు దట్టంగా ఉంటుంది. వానాకాలంలో ఘాట్‌లో కొండచరియలు విరిగిపడే భయం. మార్చిలో పరీక్షల హడావుడి. మిగిలేది ఫిబ్రవరి. పాడేరు మీదుగా ఘాట్ దిగి, చోడవరం దాటి విశాఖ చేరడానికి బడి బస్సుకు నాలుగు గంటలు వేసుకోండి. కిరాయి బస్సు మాట్లాడేటప్పుడు ‘జి.మాడుగుల’ అని ఒత్తి చెప్పండి. హల్వాకు పేరుపడ్డ మాడుగుల కొండ కింద ఉన్న వేరే ఊరు. మలుపుల్లో కడుపు తిప్పే పిల్లలను ముందు సీట్లలో కూర్చోబెట్టండి. పొద్దున్నే నూనె వస్తువులు పెట్టకండి. ప్రధానోపాధ్యాయుల అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి రాతలో ఉండాలి. బృందానికొక పెద్ద, ఆడపిల్లలతో తప్పనిసరిగా ఉపాధ్యాయిని, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. ఉదయం ఆరింటికి బయలుదేరితే పదింటికి చేరుతారు. చీకటి పడకముందే ఘాట్ ఎక్కాలంటే మధ్యాహ్నం రెండు దాటకుండా తిరుగు ప్రయాణం.

ఆ నాలుగు గంటల్లో సముద్రానికి చోటెక్కడ? చాలామంది దానిని చివరకు, బహుమానంలా అట్టిపెడతారు. నా అభిప్రాయం వేరు. మొదటిసారి విశాఖ వచ్చిన పిల్లవాడి మనసు సముద్రం మీదే ఉంటుంది. బీచ్ రోడ్డు మీద పావుగంట ఆపి గట్టు మీద నుంచే చూడనివ్వండి. నీళ్ళలోకి మాత్రం దించవద్దు, అక్కడి అలలు ప్రమాదకరమైనవి. ఆ తరువాత గ్యాలరీలో గంటన్నర.

గ్యాలరీలో ఒక్కో కళాకృతి ముందు మొదటి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, మీరు కూడా. తరువాత ఇక్కడ ఏం జరుగుతున్నదని అడగండి. ఎవరైనా ఏదైనా చెప్తే, ఏది చూసి అలా అనుకున్నావని అడగండి. కువి గాని, ఆదివాసి ఒడియా గాని ఇంట్లో మాట్లాడే పిల్లలు ముందు ఆ భాషలోనే తమలో తాము చెప్పుకోనివ్వండి, తెలుగులోకి తరువాత రావచ్చు. విశాఖలోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బోధించిన శిల్పి జి.రవీందర్ రెడ్డి చేసిన, తలలో పూలు, పెద్ద కళ్ళు ఉన్న బంగారు రంగు స్త్రీ శిరస్సు ఎదురైతే ‘అమ్మవారు’ అని ఒకరు, ‘సంతలో అత్త’ అని ఒకరు అనవచ్చు. ఏది సరైనదో తేల్చకండి. కళాకారుడి పేరు, సంవత్సరం చివర చెప్పండి. పేరు ముందు చెప్తే పిల్లలు చూడడం మానేసి వినడం మొదలుపెడతారు.

మర్నాడు తరగతిలో ఒక పీరియడ్ ఖాళీగా ఉంచండి. నచ్చని కళాకృతి గురించి రాయమంటే పిల్లలు నచ్చినదాని కంటే బాగా రాస్తారు.

అభ్యాసం: మీకు దగ్గరలోని ఒక బడిని ఎంచుకుని, ఇటువంటి సందర్శనకు ఒక పుటలో గంటల వారీ ప్రణాళిక రాయండి. ప్రదర్శనలో 60 కళాకృతులు ఉన్నాయనుకోండి. మీరు వదిలిపెట్టిన వాటిలో రెండింటిని పేర్కొని, ఎందుకు వదిలారో ఐదు వాక్యాలలో కారణం చూపండి.